డక్ట్ ఏసీ ఉన్న ఇంట్లో గదికో స్మార్ట్ వెంట్ పెడితే పనిచేస్తుందా?

మేడమీద_భీమవరం

అందరికీ నమస్కారమండి. మేడ మీద వాటాకి 5.5 టన్నుల డక్టబుల్ ఏసీ (ఒకే మిషను నుంచి డక్టుల్లో గదులన్నిటికీ చల్లగాలి) ఉంది. ఇన్వర్టర్ కాదు, ఒకటే స్క్రోల్ కంప్రెసర్, ఆర్-410ఎ గ్యాసు. బ్లోయరుకి మూడు స్పీడులు, ఇప్పుడు మధ్య స్పీడు మీద నడుస్తోంది. ఏసీ కట్టినప్పుడు ఇచ్చిన కాగితంలో హాలుకి 800 సీఎఫ్‌ఎం (నిమిషానికి అన్ని ఘనపు అడుగుల గాలి), పడమటి పెద్ద పడగ్గదికి 500, తూర్పు వైపు చిన్న గదులు రెండిటికీ చెరో 450 అని ఉంది. మొత్తం 2,200. గాలిని వెనక్కి మిషనులోకి లాగే రిటర్న్ గ్రిల్ ఒక్కటే, హాల్లో. థర్మోస్టాట్ కూడా అక్కడే.

హాలు 24కి వచ్చేసరికి తూర్పు గదులు 22 దగ్గరుంటాయి, పడమటి గది సాయంత్రం పూట 27 దిగదు. రాత్రి ఒక్క గదిలో పడుకోవడానికి ఇల్లంతా చల్లబరచాల్సి వస్తోంది, బిల్లు పై స్లాబులోకి ఎక్కిపోతోంది. అమెరికా నుంచి బంధువులు నాలుగు స్మార్ట్ వెంట్లు తెస్తామంటున్నారు. గ్రిల్ తీసి అది బిగించడం, ఫోన్లో గదికో టెంపరేచర్ పెట్టుకోవడం, అంతే అంటున్నారు. రాత్రి మూడు వెంట్లు మూసేసి ఒక్కటే తెరిస్తే సరిపోతుందా? తెప్పించుకోమంటారా, వద్దంటారా?

డక్ట్_లెక్కలు

వద్దండి. వెంటు చెడ్డదని కాదు, మీరు దానితో చేయించాలనుకుంటున్న పని అది చెయ్యలేదు.

స్మార్ట్ వెంటంటే మోటారున్న గ్రిల్. గదిలో సెన్సారు చెప్పినప్పుడు రెక్కలు మూస్తుంది, తెరుస్తుంది. వెనకున్న మిషనుకి ఆ సంగతి తెలియదు. మీ కంప్రెసర్ నడిస్తే పూర్తిగా నడుస్తుంది, లేకపోతే ఆగుతుంది. నడిచినంతసేపూ గాలిని చల్లబరిచే కాయిల్ మీదుగా టన్నుకి సుమారు 400 సీఎఫ్‌ఎం గాలి పోవాలి. 5.5 టన్నులకి అదే మీ 2,200. మన చెమ్మ ప్రాంతంలో 350కి దించి నడిపితే నీరు బాగా లాగుతుంది, అంటే 1,925 దాకా దిగొచ్చు. టన్నుకి 300 దగ్గరికొస్తే కాయిల్ సున్నా డిగ్రీల వైపు జారుతుంది, ఐసు మొదలవుతుంది. ఐసు కట్టిన కాయిల్లోంచి గాలి ఇంకా తగ్గుతుంది, తగ్గిన కొద్దీ ఐసు పెరుగుతుంది. చివరికి ద్రవంగా మిగిలిన గ్యాసు కంప్రెసర్‌లోకి వెనక్కి వస్తుంది. స్క్రోలు పోయేది అక్కడే.

రాత్రి మీ పెద్ద గదొక్కటే తెరిస్తే దారి 500 సీఎఫ్‌ఎంకి ఉంటుంది. ఒత్తిడి పెరిగి ఓ ఏడెనిమిది వందలు దూరుతుందనుకున్నా అది టన్నుకి 150 కూడా కాదు. పడగ్గదులు మూడూ తెరిచి హాలు మూసినా దారి 1,400కే. కాబట్టి ఒక్క గదికి నడపడమన్నది ఈ మిషనుతో ఏ వెంటు పెట్టినా జరగదు.

అమెరికాలో మాత్రం ఎలా నడుస్తోందంటారేమో. అక్కడ చాలా ఇళ్ళలో ఒక్కో గదికి రెండు మూడు చిన్న వెంట్లుంటాయి, ఇంట్లో మొత్తం పది పదిహేను. అందులో రెండు మూడు మూస్తే ఒత్తిడి పెద్దగా మారదు. అక్కడ కూడా మూడో వంతుకి మించి ముయ్యొద్దంటారు. మీకున్నవే నాలుగు దారులు, ఒకటి మూస్తే అయిదో వంతు పోయినట్టే.

సైజులు కూడా చూసుకోండి. అక్కడివి 4×10, 4×12, 6×10, 6×12 అంగుళాలు, నేలలోనో గోడలోనో దిగేవి. 500 సీఎఫ్‌ఎం చప్పుడు లేకుండా రావాలంటే నిమిషానికి 500 అడుగుల వేగం దాటకూడదు, దానికి ఒక చదరపు అడుగు నోరు కావాలి. 6×12 అంటే అందులో సగం.

కాకినాడ_కూలింగ్

ఆయ్, ఇంత లెక్కెందుకండీ. పెద్ద గదిలో 1.5 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ పెట్టి, రాత్రి డక్ట్ మిషను ఆపెయ్యండి. ఇన్వర్టర్ తలుపులేసిన గదిలో కుదురుకున్నాక బాగా తక్కువ మీద నడుస్తుంది, మీ స్క్రోల్ మిషను ఒక్కసారి లేస్తే తినేదానిలో చిన్న భాగం. వెంట్లు, వాటిని ఇంటర్నెట్‌కి కలిపే గేట్‌వే, బాటరీలు అన్నీ కలిపితే దాని ఖరీదే అవుతుంది. అవుట్‌డోర్ మాత్రం పూత ఉన్న కాయిల్ చూసి కొనండి, ఉప్పుగాలీ చెరువుల గాలీ రెండూ రాగికి పడవు.

మేడమీద_భీమవరం

ఇద్దరికీ ధన్యవాదాలండి. స్ప్లిట్ మాట బాగుంది. కాని పగలు అయిదు డిగ్రీల తేడా మిగిలే ఉంటుంది కదా, దానికి ఏదైనా చెయ్యాలి. ఏసీ మెకానిక్‌తో మానోమీటర్ పెట్టించి ఒత్తిడి చూశాం. ఫిల్టరు కడిగి పెట్టిన తర్వాత తీసిన అంకెలివి. అన్ని గ్రిల్సూ తెరిచి ఉండగా రిటర్న్ వైపు మైనస్ 28 పాస్కల్స్, సప్లై వైపు ప్లస్ 41. చిన్న గదులు రెండూ అట్టముక్కలతో మూసి చూస్తే రిటర్న్ మైనస్ 19, సప్లై ప్లస్ 72. కేటలాగులో మిషను బయటి ఒత్తిడి 80 దాకా అని ఉంది.

డక్ట్_లెక్కలు

అట్టముక్కలతో పరీక్ష చెయ్యడం మంచి పని. వెంట్లు కొనకముందే జవాబు చేతికొచ్చింది.

మొత్తం ఒత్తిడంటే గుర్తులు వదిలేసి రెండూ కలపాలి. తెరిచినప్పుడు 69, మూసినప్పుడు 91. కేటలాగు హద్దు 80, అప్పుడే దాటిపోయింది. అంతకంటే పనికొచ్చే అంకె రిటర్న్‌ది. ఆ వైపు మీరేమీ మార్చలేదు, అదే గ్రిల్, అదే ఫిల్టరు. మారని దారిలో ఒత్తిడి గాలి వేగానికి వర్గంగా పెరుగుతుంది. కాబట్టి 19ని 28తో భాగించి వర్గమూలం తీస్తే 0.82. అంటే గాలి 18 శాతం పడిపోయింది. 2,200లో 0.82 అంటే సుమారు 1,800, టన్నుకి 330. ఐసు అంచుకి దగ్గరే. ఇది కడిగిన ఫిల్టరుతో. వరికోతల కాలంలో దుమ్మెక్కిన ఫిల్టరుంటే 300 కిందికి పోతుంది.

ఇంకో మాట. మూసిన రెండు గదుల వాటా 900. తగ్గింది మాత్రం 400. మిగతా 500 హాల్లోకీ పెద్ద గదిలోకీ బలవంతంగా వెళ్ళింది, ఆ గ్రిల్సు దగ్గర ఈల వినపడి ఉండాలి. డక్టు అతుకులు సరిగ్గా లేకపోతే అందులో కొంత ఫాల్స్ సీలింగులోకి కారుతుంది. ఒత్తిడి పెరిగిందంటే కారడమూ పెరుగుతుంది, ఆ చల్లగాలి ఎవరికీ అందదు.

మీకు కావలసింది ఆన్-ఆఫ్ కాదు, సర్దుబాటు. తూర్పు గదులు 22కి పోతున్నాయంటే అక్కడికి అవసరానికి మించి గాలి వెళ్తోంది. పడమటి గోడ మధ్యాహ్నం రెండింటి నుంచి కాగి, రాత్రి తొమ్మిదింటి దాకా ఆ వేడి లోపలికి వదులుతుంది. ఆ వేళల్లో మాత్రం తూర్పు గదులకి కాస్త తగ్గించి పడమటికి పంపాలి. రెండు వందల సీఎఫ్‌ఎం అటు మళ్ళితే తేడా చాలామటుకు పోతుంది, మొత్తం గాలి 2,000 కిందికి రాదు. ఈ పనికి మోటారు డ్యాంపర్లు (డక్టులో గాలి దారిని తగ్గించే, పెంచే రెక్కలు) నిజంగా పనికొస్తాయి. ముందు మాత్రం ఖర్చు లేనిది చెయ్యండి. డక్టు కొమ్మల్లో చేతితో తిప్పే డ్యాంపర్లు ఉండే ఉంటాయి, సీలింగులో మూత తీసి చూడండి. తూర్పువి రెండూ పావు వంతు తిప్పి, ఒక సాయంత్రం కొలవండి. సగం మూస్తే గాలి సగం తగ్గుతుందనుకోకండి. రెక్క మొదటి సగం తిరిగినంతసేపూ పెద్దగా తేడా రాదు, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. గ్రిల్ దగ్గర గాలి వేగం కొలిచే ఎనిమోమీటరు పెట్టి అంకె చూసుకుంటూ తిప్పాలి.

థర్మోస్టాటు హాల్లోనే ఉంటే హాలు మాటే వింటుంది. నాలుగు గదుల సెన్సార్ల సగటు ఇచ్చే కంట్రోలరు పెడితే మిగతా గదుల మాట కూడా వింటుంది.

పాలకొల్లు_సీలింగ్

గాలి లెక్క సరేనండి, నీటి లెక్క కూడా చూడాలి. మన దగ్గర గ్రిల్ మీద మూసే వెంట్లు పెట్టకూడదనడానికి నా దృష్టిలో అసలు కారణం అదే.

ఎండాకాలం చివర్లో గాలి 34 డిగ్రీలు, తేమ 70 శాతం ఉందనుకోండి. ఆ గాలి డ్యూ పాయింటు దాదాపు 28 డిగ్రీలు. అంతకంటే చల్లగా ఉన్న దేనికి తగిలినా నీరు కడుతుంది. డక్టులో గాలి 13 డిగ్రీలు. వెంటు తెరిచి ఉన్నప్పుడు ఆ చల్లని పొడిగాలే గ్రిల్ని కమ్ముకుని ఉంటుంది, గదిలో తేమ కూడా తగ్గి ఉంటుంది, కాబట్టి చెమట పట్టదు. మూశారా, రేకు వెనక 13 డిగ్రీలు, ముందు చల్లబరచని గది ఉక్క. చెంబులో ఐసునీళ్ళు పోసినట్టు రేకంతా చెమట పడుతుంది. జిప్సమ్ బోర్డు ఆ నీటిని పీల్చి ముందు పసుపు మరక, తర్వాత బూజు, తర్వాత బోర్డు కుంగడం. వెంటు లోపలి సర్క్యూట్ బోర్డూ బాటరీ కాంటాక్టులూ కూడా ఆ నీటిలోనే ఉంటాయి.

అందుకని డ్యాంపరు గ్రిల్ దగ్గర కాదు, ప్లీనం (మిషను గాలి ముందుగా చేరే పెద్ద పెట్టె) నుంచి కొమ్మ విడిపోయే చోట పెట్టాలి. గ్రిల్‌కి కనీసం నాలుగైదు అడుగుల వెనక. చప్పుడు కూడా తగ్గుతుంది. డ్యాంపరు ఒంటి మీద ఇన్సులేషను ఎక్కడా తెగకుండా చుట్టాలి. యాక్చువేటరు (రెక్కని తిప్పే మోటారు) మాత్రం ఇన్సులేషను బయట, కాస్త పొడుగు షాఫ్టు మీద నిలబడాలి. రేకుకి అంటించి బిగిస్తే షాఫ్టు వెంట చలి వచ్చి మోటారు లోపలే నీరు కడుతుంది.

ఇన్సులేషను మందం కూడా ఇప్పుడే చూసుకోండి. సీలింగు పైన 33 డిగ్రీలు, డ్యూ పాయింటు 28 దగ్గర ఉంటే 13 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు అంచు మీదుంటుంది, గాలాడని మూలల్లో చెమట ఖాయం. 19 మిల్లీమీటర్లు నల్లదైతే నిలబడుతుంది. అదే 19 మీద మెరిసే ఫాయిలుంటే మళ్ళీ అనుమానమే. ఫాయిలు చుట్టుపక్కల వేడిని తీసుకోదు, పైతలం ఇంకా చల్లబడుతుంది. ఫాయిలుదైతే 25 వెయ్యండి. ఎక్కువమంది ఫాయిలుంటే మంచిదనుకుంటారు, చెమట విషయంలో అది తిరగబడుతుంది.

మూసిన గదుల సంగతి. మనవి నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు. పక్క గది 24 మీద ఉంటే గోడకి ఇవతలి వైపు 27కి వస్తుంది. ఈ గదిలో గాలి డ్యూ పాయింటూ అంతే. బీరువా ఆ గోడకే ఆనించి ఉంటే వెనక బూజు, లోపల పట్టుచీరలకి ముక్క వాసన. అందుకని ఏ గదినీ పూర్తిగా ముయ్యకండి. వాడని గదిని 28 మీద ఉంచేలా కొంచెం గాలి వదలండి, బీరువాలు గోడకి జానెడు ఎడంగా జరపండి.

డక్ట్_లెక్కలు

పాలకొల్లు గారి మాటకి ఒకటి కలుపుతాను. రిటర్న్ ఒక్కటే హాల్లో ఉంది కదా. పెద్ద గది తలుపు వేస్తే లోపలికొచ్చిన 500 సీఎఫ్‌ఎం ఎటు పోవాలి? మూడడుగుల తలుపు కింద అంగుళం సందుంటే 36 చదరపు అంగుళాలు. మూడు పాస్కల్స్ తేడాతో అందులోంచి పోయేది అరవై డెబ్బై సీఎఫ్‌ఎం. మిగతా గాలి గదిని ఉబ్బిస్తుంది, కిటికీ సందుల్లోంచి చల్లగాలి బయటికి తోస్తుంది. అంతే గాలి హాలు వైపు బయటి నుంచి లాక్కుంటుంది, 28 డిగ్రీల డ్యూ పాయింటుతో. పడమటి గది 27 దిగకపోవడానికి సగం కారణం ఇదే కావచ్చు. తలుపు తీసి ఉంచి ఒక సాయంత్రం, వేసి ఒక సాయంత్రం కొలవండి. తేడా ఉంటే తలుపు పైన గోడలో గాలి దాటే గ్రిల్ పెట్టించండి, తెరిచిన ఖాళీ రెండు చదరపు అడుగులుండాలి. గ్రిల్ రెక్కలు సగం చోటు తింటాయి కాబట్టి సైజు పెద్దదే తీసుకోవాలి. మాటలు వినపడకూడదంటే సీలింగు పైనుంచి వంపు తిరిగిన డక్టు వేయించండి.

వంటింటి చిమ్నీ గంటకి 1,000 ఘనమీటర్లదైతే దాదాపు 590 సీఎఫ్‌ఎం బయటికి తోస్తుంది. వంటింటి కిటికీ ఒకటి తీసి నడపాలి, లేకపోతే ఆ గాలంతా హాలు సందుల్లోంచి వస్తుంది.

రిలే_అమలాపురం

కంట్రోలు గురించి ఎవరూ చెప్పలేదు. అమెరికా వెంట్లు 24 వోల్టుల ఏసీ కరెంటు మీదో బాటరీ మీదో నడుస్తాయి. వాటితో వచ్చే ట్రాన్స్‌ఫార్మరు 120 వోల్టులది, మన 230కి పెడితే కాలుతుంది. కొన్ని 915 మెగాహెర్ట్జ్ రేడియో మీద మాట్లాడతాయి. ఇక్కడ లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వదిలింది 865 నుంచి 868. తెచ్చుకున్నాక ఈ రెండూ తలనొప్పే.

ఇక్కడ దొరికే డ్యాంపరు యాక్చువేటర్లు, 24 వోల్టులు, 2 నుంచి 5 న్యూటన్ మీటర్లవి చాలు. స్ప్రింగున్నవి తీసుకుని, కరెంటు పోతే తెరుచుకునేలా బిగించండి. తుపాను రోజుల్లో కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, స్ప్రింగు లేనిదైతే మూసిన చోటే ఉండిపోతుంది, మిషను తిరిగి లేచేసరికి దారి ఉండదు. స్ప్రింగు ఉన్నవి తిరిగేటప్పుడు కరెంటు ఎక్కువ తింటాయి. ఒక్కోదానికి ప్లేటు మీద రాసిన వీఏ (కరెంటు లోడు) చూసి, అన్నీ కలిపి, దానికి ఒకటిన్నర రెట్లు ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి.

కంట్రోలరులో నాలుగు నియమాలు తప్పనిసరి. తెరిచి ఉన్న దారుల మొత్తం 1,950 సీఎఫ్‌ఎంకి తగ్గితే ఏ గది అడిగినా ముయ్యకూడదు. కాయిల్ మీద సెన్సారు 2 డిగ్రీలకి దిగితే కంప్రెసర్ ఆపి, అన్నీ తెరిచి, బ్లోయరు నడపాలి. కంప్రెసర్ ఆగాక కనీసం మూడు నిమిషాలు లేవకూడదు. సెన్సారు నుంచి పది నిమిషాలు కబురు రాకపోతే ఆ గది డ్యాంపరు తెరుచుకోవాలి. ఇవన్నీ ఇంట్లో ఉన్న బోర్డులోనే ఉండాలి. ఇంటర్నెట్ పోతే ఆగిపోయే యాప్ మీద కంప్రెసర్ని వదలకూడదు.

బోర్డు సీలింగు లోపల పెట్టకండి. రిలేల్లో చీమలు దూరతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వైర్లు పైపులో వేసి, బోర్డుని చేతికందే ఎత్తులో డబ్బాలో పెట్టండి. డ్యాంపరు రెక్కల్లో బల్లి ఇరుక్కుని మోటారు బిగుసుకోవడం మామూలే, కాబట్టి ప్రతి డ్యాంపరు కింద సీలింగులో తెరిచే మూత ఉండాల్సిందే.

కాకినాడ_కూలింగ్

ఐసు కడుతోందో లేదో గేజు పెట్టి కూడా చూడొచ్చు. ఆర్-410ఎ మీద సక్షన్ (కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే గ్యాసు ఒత్తిడి) 100 పీఎస్ఐకి వచ్చిందంటే లోపల గ్యాసు సున్నా డిగ్రీలకొచ్చినట్టే. మామూలుగా 120, 130 దగ్గర ఉండాలి. గేజు లేకపోతే రిటర్న్ గాలికీ సప్లై గాలికీ తేడా కొలవండి. 9 నుంచి 12 డిగ్రీలు మామూలు. 14 దాటిందంటే గాలి తక్కువైంది, ఫిల్టరో డ్యాంపరో చూసుకోవాలి. స్ప్లిట్ మాట మీదే ఉన్నానండి నేను.

మేడమీద_భీమవరం

వెంట్లు వద్దని చెప్పేశాం. తూర్పు కొమ్మల్లో చేతి డ్యాంపర్లు దొరికాయి, తుప్పు పట్టలేదు. తలుపు పరీక్ష చేస్తే వేసినప్పటికీ తీసినప్పటికీ పెద్ద గదిలో రెండు డిగ్రీల తేడా వచ్చింది, అంటే ముందు గోడలో గ్రిల్ పనే. ఆఖరి సందేహం. బ్లోయరుని మూడో స్పీడు మీద పెడితే పడమటి గదికి గాలి పెరుగుతుంది కదా, డ్యాంపర్ల గొడవ లేకుండా? బ్లోయరు ఫ్యాన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే గదులు సమానమవుతాయని కూడా మెకానిక్ అంటున్నాడు.

డక్ట్_లెక్కలు

రెండూ పొడి ఊళ్ళకి చెప్పే మాటలు. స్పీడు పెంచితే పడమటికి ఎంత పెరుగుతుందో తూర్పుకీ అదే దామాషాలో పెరుగుతుంది, తేడా అలాగే ఉంటుంది. పైగా కాయిల్ మీద గాలి వేగం పెరిగి ఆవిరి తక్కువ లాగుతుంది, గది 24 ఉన్నా ఒళ్ళు జిడ్డుగా ఉంటుంది. కాయిల్ ముఖం మీద వేగం నిమిషానికి 500, 550 అడుగులు దాటితే నీటి బొట్లు గాలితో లేచి డక్టులో పడతాయి. కాయిల్ నిడివీ ఎత్తూ కొలిచి సీఎఫ్‌ఎంని చదరపు అడుగులతో భాగించి చూసుకోండి.

ఫ్యాను ఆటోలోనే ఉంచండి. కంప్రెసర్ ఆగాక ఫ్యాను తిరుగుతూ ఉంటే కాయిల్ మీదా ట్రేలోనూ ఉన్న నీరంతా ఆవిరై మళ్ళీ గదుల్లోకే వస్తుంది. తేమ మీటరు ఒకటి పెద్ద గదిలో పెట్టండి. 55 శాతం దగ్గరుంటే 26 డిగ్రీలకి కూడా సీలింగు ఫ్యాను కింద హాయిగా ఉంటుంది. 65 దాటిందంటే ముందు డ్రెయిన్ పైపు వాలు, ఆ తర్వాత రిటర్న్ డక్టు అతుకులు చూడండి. రిటర్న్ వైపు చిల్లుంటే సీలింగు పైనున్న ఉక్కంతా నేరుగా మిషనులోకే పోతుంది.